04/05 అంటే ఏప్రిల్ అయిదా, మే నాలుగా? – తేదీల గురించి ఒక ఆరోగ్య పాఠం



బి.పి., షుగరు, రక్తహీనత అంటూ జబ్బుల గురించి చదవడానికి ఈ పేజీ తెరిచేవారే ఎక్కువ. ఈసారి పాఠం జబ్బు గురించి కాదు. మీ ఓ.పి. చీటీ మీద, బిడ్డ టీకా కార్డు మీద, మందు అట్ట మీద, సెల్‌ఫోను క్యాలెండరులో కనిపించే తేదీ గురించి. ఇదేమంత పెద్ద సంగతి అనుకోవద్దు. మంచి డాక్టరు, మంచి మందు, అన్నీ సరిగా ఉండి కూడా తేదీ ఒకటి తిరగబడితే సూది మందు నెల ముందో వెనకో పడుతుంది, లేదా అసలు పడదు. గర్భిణీ స్త్రీ విషయంలోనైతే దానివల్ల తల్లికీ బిడ్డకీ కూడా ముప్పు రావచ్చు.

మన దేశంలో ముందు రోజు, తర్వాత నెల, చివర సంవత్సరం వ్రాస్తాం. బడిలో పలక మీద నేర్చుకున్నది అదే. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు వ్రాస్తారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జరిగిన దాడిని వాళ్లు 9/11 అన్నారు. 2008 నవంబరు 26న ముంబయిలో జరిగిన దాడిని మనం 26/11 అన్నాం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. చైనా, జపాను, కొరియా దేశాలలో మూడో పద్ధతి ఉంది. అక్కడ ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో వెలువరించిన ఐ.ఎస్.ఓ. 8601 అనే ప్రమాణం ఈ మూడో వరుసనే తీసుకుంది. ఆ లెక్కన 2026 ఏప్రిల్ 5ను 2026-04-05 అని వ్రాస్తారు. సంవత్సరం ముందు వచ్చిందంటే తర్వాతది నెలే, అనుమానం అక్కరలేదు. ల్యాబు రిపోర్టుల మీద, కంప్యూటరు బిల్లుల మీద ఇలా కనబడితే కంగారు పడకండి.

అమెరికా వాళ్ల అలవాటుతో మనకేం పని అని అడగవచ్చు. మనం వాడే ఫోను సాఫ్ట్‌వేరు, కంప్యూటరు ప్రోగ్రాములు చాలావరకు అక్కడ తయారైనవే. కొత్త ఫోను పెట్టె విప్పగానే భాష ఏది, ప్రాంతం ఏది అని అడుగుతుంది. మనలో చాలామంది "ఇంగ్లీషు, యునైటెడ్ స్టేట్స్" అన్న మొదటి వరుసనే నొక్కేసి ముందుకు పోతాం. ఆ ఒక్క నొక్కుతో ఆ ఫోను తేదీలను అమెరికా వరుసలో చూపడం మొదలుపెడుతుంది. ఫోను మన చేతిలో, చీటీ మన ఊరి ఆసుపత్రిది, తేదీ మాత్రం ఇంకో దేశం లెక్కలో ఉంటుంది.

ఈ చిక్కు ప్రతిరోజూ రాదు. అందుకే అది అంత త్వరగా బయటపడదు. 25/04 అని ఉంటే ఎవరైనా ఏప్రిల్ 25 అనే చదువుతారు, 25వ నెల లేదు గనుక. రోజు 12 లోపు ఉన్నప్పుడే తేదీ రెండు విధాలుగా చదవడానికి వీలవుతుంది. లెక్క వేసి చూడండి. నెలకు 12 రోజుల చొప్పున 12 నెలలకు 144 తేదీలు. అందులో 01/01, 02/02 వంటివి 12, ఎటు చదివినా ఒకటే. మిగిలినవి 132. సంవత్సరంలోని 365 రోజులలో 132, అంటే మూడింట ఒక వంతు కంటే ఎక్కువ. మనిషైతే "ఇది ఏ నెలమ్మా?" అని అడుగుతాడు. కంప్యూటరు అడగదు. తనకు తెలిసిన వరుసలో చదువుకొని ఊరుకుంటుంది. 13 నుండి 31 వరకు ఉన్న తేదీలను తప్పు వరుసలో ఇస్తే కనీసం "చెల్లదు" అంటుంది. 1 నుండి 12 వరకు ఉన్నవాటిని మాత్రం నోరెత్తకుండా తిప్పి వ్రాసుకుంటుంది. రెండవదే ఎక్కువ ప్రమాదం.

దీనికి నా దృష్టిలో అన్నిటికంటే మంచి మందు నెల పేరును అక్షరాలలో వ్రాయడం. 04/05/2026 బదులు "4 మే 2026" అని వ్రాస్తే తికమక పడేవారుండరు. విమాన టికెట్ల మీద నెలను మూడు ఇంగ్లీషు అక్షరాలతో వేయడం మీరు చూసే ఉంటారు. అన్ని దేశాలవాళ్లూ చదవవలసిన కాగితం గనుక అలా వేస్తారు. దానితోపాటు వారం పేరు కూడా ఉంటే తేదీకి సాక్షి దొరికినట్టే. 2026 మే 4 సోమవారం. 2026 ఏప్రిల్ 5 ఆదివారం, అదీ ఈస్టరు ఆదివారం. చీటీ మీద "04/05/2026 సోమవారం" అని ఉంటే అది మే నాలుగే అయి ఉండాలి. ఈస్టరు రోజున డాక్టరుగారు ఓ.పి.లో కూర్చోరన్న సంగతి మీకు తెలుసు, ఫోనుకు తెలియదు. మీ చీటీ మీద వారం పేరు లేకపోతే కౌంటరు దగ్గరున్న వారిని అడిగి వ్రాయించుకోండి. దానికి మొహమాటం అక్కరలేదు.

గర్భిణీ స్త్రీలు చదవవలసిన భాగం

అత్తగారు, అమ్మగారు కూడా ఈ భాగం కూర్చొని వినాలి. ఒకే ఒక్క తేదీ మీద తొమ్మిది నెలల లెక్కంతా ఆధారపడేది ఇక్కడే. ఆ తేదీ, చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు. డాక్టరమ్మ మొట్టమొదట అడిగేది అదే. ఆ రోజు నుండి 280 రోజులకు, అంటే 40 వారాలకు, కాన్పు తేదీ వేస్తారు. ఇంట్లో వేసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. ఆ తేదీకి ఏడు రోజులు, తొమ్మిది నెలలు కలపండి. ఏప్రిల్ 5న నెలసరి వచ్చి ఉంటే జనవరి 12. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా పని జరుగుతుంది.

ఇప్పుడు అదే ఏప్రిల్ 5ను 05/04 అని వ్రాసి ఎవరో ఫోనులోని గర్భిణుల యాప్‌లో ఎక్కించారనుకోండి. ఆ యాప్ అమెరికా వరుసలో ఉంటే దాన్ని మే 4 అని చదువుతుంది. కాన్పు తేదీ ఫిబ్రవరి 11 అవుతుంది. 29 రోజులు, నాలుగు వారాల పైన తేడా వచ్చింది. ఆ తల్లికి నిజంగా 41 వారాలు నిండినప్పుడు యాప్ ఇంకా 37 వారాలు కూడా నిండలేదని చెబుతుంది. "ఇంకా టైముందిలే" అని ఇంట్లో కూర్చుంటే ఉమ్మనీరు తగ్గవచ్చు, బిడ్డకు మాయ నుండి అందవలసింది సరిగా అందకపోవచ్చు. అందుకే రోజులు మీరిన గర్భాన్ని ఆసుపత్రిలో ఊరకే వదిలిపెట్టరు. తేదీ రెండోవైపు తిరగబడితే ఇంకో ఆపద. 36 వారాల బిడ్డను 40 వారాల బిడ్డ అనుకొని నొప్పులు తెప్పిస్తే, ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధం కాని బిడ్డను ముందే బయటికి తెచ్చినట్టవుతుంది. అయిదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే స్కానింగు సాధారణంగా 18 నుండి 20 వారాల మధ్య చేస్తారు. తేదీ తప్పితే అదీ తప్పుతుంది.

ఈ కారణంచేతనే మొదటి మూడు నెలలలో చేసే స్కానింగును "ఇంత త్వరగా ఎందుకు, డబ్బు దండగ" అని మానుకోవద్దు. ఆ సమయంలో పిండం పొడవును కొలిచి చెప్పే వయస్సు సుమారు ఒక వారంలోపు తేడాతో సరిపోతుంది. మనం చెప్పిన తేదీలో పొరపాటుంటే అక్కడే పట్టుబడుతుంది. నెలలు గడిచిన కొద్దీ స్కానింగు చెప్పే వయస్సులో తేడా పెరుగుతుంది. ఎనిమిదో నెలలో వచ్చి మొదటి స్కానింగు చేయించుకుంటే అంత నమ్మకంగా చెప్పడం ఎవరి వల్లా కాదు.

మన ఆడవాళ్లు తేదీని అంకెలలో గుర్తుపెట్టుకోరు, పండుగలతో గుర్తుపెట్టుకుంటారు. "ఉగాది వెళ్లిన మూడో రోజు", "మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం", "చిన్నాడపడుచు పెళ్లినాడు" అంటారు. దీన్ని చూసి నవ్వకూడదు. అంకె తిరగబడుతుంది గాని పెళ్లినాడు తిరగబడదు. అయితే ఏ సంవత్సరంలో ఆ పండుగ ఏ తేదీన వచ్చిందో క్యాలెండరు తీసి చూడాలి. మట్టల ఆదివారం 2025లో ఏప్రిల్ 13న వచ్చింది, 2026లో మార్చి 29న. పోయిన ఏటి క్యాలెండరు గోడకు అలాగే వ్రేలాడుతుంటే రెండు వారాలు తేడా వస్తుంది. ఇంకొక మాట. "అయిదో నెల నడుస్తోంది" అంటే నాలుగు నిండి అయిదోది జరుగుతున్నదని, "అయిదు నెలలు నిండాయి" అంటే ఆరోది మొదలైందని. మా దగ్గర ఈ రెంటినీ కలిపి చెప్పేవాళ్లు చాలామంది. వారాలలో చెప్పడం అలవాటు చేసుకుంటే మంచిది.

టీకాలు, కుక్కకాటు సూదులు

బిడ్డ పుట్టిన తేదీ 07/08 అని కార్డు మీద ఉంది. అంటే ఆగస్టు 7. టీకాల తేదీలు ఫోనులో పెట్టుకుందామని తండ్రి దానిని అలాగే ఎక్కించాడు. ఫోను జూలై 8 అని చదివింది. ఆరు వారాల టీకా నిజానికి సెప్టెంబరు 18న వేయాలి. ఫోను ఆగస్టు 19నే గంట కొడుతుంది. అప్పటికి బిడ్డ వయస్సు 12 రోజులు. నర్సమ్మ కార్డు చూసి వెనక్కి పంపుతుంది గనుక ఇక్కడ పెద్దగా నష్టం లేదు, బస్సు చార్జీలు తప్ప. అదే వెనక్కి జరిగే విధంగా తిరగబడితే టీకా ఆలస్యమవుతుంది. ఆలస్యమైన నెల రోజులూ కోరింత దగ్గు వంటి జబ్బులనుండి బిడ్డకు కాపు తక్కువ. పసిపిల్లలకు కోరింత దగ్గు ఎంత కష్టమో చూసినవారికే తెలుసు. 6, 10, 14 వారాల టీకాల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలన్నది కూడా జ్ఞాపకముంచుకోండి. ఊరికి వెళ్లాలని చెప్పి ముందుగా వేయించుకోకూడదు.

కుక్కకాటు సూదులలో చిక్కు వేరు. అక్కడ వరుస కాదు, లెక్క మొదలుపెట్టే చోటు. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజులని చీటీ మీద ఉంటుంది. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28. ఆ "0" అన్నది మొదటి సూది వేసిన రోజు. మన అలవాటు మొదటి రోజును "ఒకటి" అని లెక్కపెట్టడం. అలా లెక్కపెడితే ప్రతి సూదికీ ఒక రోజు ముందే వస్తారు. ఇలా గుర్తుపెట్టుకోండి. మొదటి సూది సోమవారం వేస్తే రెండోది గురువారం, మూడోది మళ్లీ సోమవారం. ఆ తర్వాతవన్నీ సోమవారాలే. కుక్క కరిచిన రోజు కాదు, మొదటి సూది వేసిన రోజు నుండి లెక్క. ఫోను క్యాలెండరులో "మూడు రోజుల తర్వాత" అని లెక్కవేసి పెట్టేకంటే, ఆ తేదీలన్నీ మొదటి రోజే చీటీ మీద వారం పేర్లతో వ్రాయించుకొని ఫోనులో ఒక్కొక్కటి విడిగా పెట్టుకోవడం మేలు. పిచ్చికుక్క జబ్బు వచ్చాక నయం చేసే మందు లేదు గనుక ఈ సూదుల విషయంలో "రేపు చూద్దాం" అనకూడదు.

మందు అట్ట మీద తేదీ

మన దేశంలో మందుల మీద గడువును నెల, సంవత్సరం మాత్రమే వేస్తారు. దాని అర్థం ఆ నెల ఆఖరి రోజు వరకు వాడవచ్చునని. 05/2027 అంటే 2027 మే 31 వరకు. ఇంతవరకు బాగుంది. సంవత్సరాన్ని రెండు అంకెలతో వేసినప్పుడే గొడవ. "మే 26" అని ఉంటే అది మే నెల 26వ తేదీ కాదు, 2026 మే నెల. గడువు దాటిపోయిన మాత్రలను "ఇంకా మే నెల రాలేదు గదా" అని వేసుకునే ప్రమాదం ఉంది. అదే అట్ట మీద తయారైన తేదీ కూడా ఉంటుంది. ఆ రెండూ పక్కపక్కనే ఉండి అచ్చు మసకగా ఉంటే, రెండింటిలో తర్వాతిదే గడువు. మాత్రలను చుట్టూ కత్తిరించి వాడే అలవాటువల్ల తేదీ ఉన్న ముక్క ముందే చెత్తబుట్టలోకి పోతుంది. తేదీ ఉన్న చివరను ఆఖరున కత్తిరించండి.

అమెరికా నుండి కొడుకో కూతురో పంపిన విటమిన్ మాత్రలు, నొప్పి మాత్రలు మన ఇళ్లలో ఉంటాయి. వాటి మీద పూర్తి తేదీ ఉంటే నెల ముందు ఉంటుందని చూసుకోండి. 03/11/27 అంటే అక్కడ మార్చి 11, మన లెక్కన నవంబరు 3. అనుమానం వస్తే రెండింటిలో ముందు వచ్చే తేదీనే గడువుగా తీసుకోండి, నష్టం ఉండదు.

సీసా మీది గడువు మూత తెరవనంత వరకే అన్నది చాలామంది మరచిపోతారు. చాలా రకాల ఇన్సులిన్ సీసాలు తెరిచాక 28 రోజులు మాత్రమే వాడాలి. కొన్నిటికి ఇంకా ఎక్కువ ఉండవచ్చు, సీసాతో వచ్చే కాగితంలో ఉంటుంది, లేదా మందుల కౌంటరులో అడగండి. కంటి చుక్కల మందు కూడా సాధారణంగా తెరిచిన నాలుగు వారాలకు పారవేయాలి. తెరిచిన రోజున చిన్న ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద నెల పేరుతో తేదీ వ్రాయండి. పెన్ను మాత్రమే కావాలి, ఫోను అక్కరలేదు.

ఫోను క్యాలెండరు

ఇప్పుడు యౌవనస్థులకు పని. ఇంట్లో పెద్దల ఫోనులు తీసి ఒకసారి సెట్టింగులు చూడండి. ఐఫోనులో జనరల్‌లోకి వెళ్లి, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో ప్రాంతాన్ని ఇండియా అని పెట్టాలి. ఆండ్రాయిడు ఫోనులలో కంపెనీని బట్టి చోటు మారుతుంది, కాని సిస్టమ్‌లోని భాషల దగ్గర "ఇంగ్లీషు, ఇండియా" లేదా తెలుగు ఎంచుకుంటే సరి. గూగుల్ క్యాలెండరును కంప్యూటరులో తెరిస్తే దాని సెట్టింగులలో తేదీ వరుస విడిగా ఎంచుకునే వీలుంది. సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి 13 దాటిన ఏదో ఒక తేదీని తెరిచి చూడండి. అప్పుడు ఏది రోజో ఏది నెలో కళ్లెదుటే కనబడుతుంది.

ఫోను సరిచేసినంత మాత్రాన పని అయిపోలేదు. మరల మరల వచ్చే తేదీల దగ్గర ఇంకొక గుంట ఉంది. కీళ్లవాతపు జ్వరంవల్ల గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు పెన్సిలిన్ సూది మూడు వారాలకొకసారి ఇస్తారు. కొందరికి నాలుగు వారాలకొకసారి. ఇది ఏళ్ల తరబడి సాగే వైద్యం. ఇంటివాళ్లు క్యాలెండరులో "నెలకొకసారి" అని పెడతారు. 21 రోజుల లెక్కన సంవత్సరానికి 17 సూదులు పడాలి. నెలకొకసారి అయితే 12 మాత్రమే. అయిదు సూదులు ఎవరికీ తెలియకుండా తప్పిపోతాయి. సూది తప్పిన ప్రతిసారి ఆ బిడ్డకు మళ్లీ జ్వరం వచ్చే అవకాశం, గుండె ఇంకొంచెం పాడయ్యే అవకాశం ఉంటుంది. క్యాలెండరులో "ప్రతి 3 వారాలకు" అని పెట్టే వీలుంది, దాన్ని వాడండి. అప్పుడు సూది ఎప్పుడూ ఒకే వారం వస్తుంది. బుధవారం మొదలుపెడితే ఎప్పటికీ బుధవారమే. బడిలో టీచరుగారికి చెప్పడానికి కూడా సులువు.

ఇంకొకటి. ప్రతినెల 31న అని పెడితే చాలా క్యాలెండరు ప్రోగ్రాములు 31 లేని నెలలను దాటేస్తాయి. ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, నవంబరు, ఈ అయిదు నెలలలో గంట మోగదు. బి.పి. మాత్రలు తెచ్చుకునే తేదీ ఏదైనా 28 లోపు పెట్టుకోండి.

పిల్లలు విదేశాలలో ఉండి అమ్మానాన్నల అపాయింట్‌మెంట్లు అక్కడినుండే ఫోనులో పెట్టే కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి. మంచి సంగతే. అయితే టెక్సాసులో ఉన్న కూతురు తన ఫోనులో "ఉదయం 10 గంటలు" అని పెట్టి నాన్నగారితో పంచుకుంటే, వేసవిలో అది ఇక్కడ ఆయన ఫోనులో రాత్రి 8:30 అని కనబడుతుంది. నవంబరు మొదటి ఆదివారం నుండి మార్చి రెండవ ఆదివారం వరకు రాత్రి 9:30. అక్కడ వేసవిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు గనుక ఈ తేడా. అపాయింట్‌మెంట్ పెట్టేటప్పుడే సమయ ప్రాంతాన్ని ఇండియాకు మార్చి పెట్టమని వారికి చెప్పండి. లేదా సమయాన్ని పేరులోనే వ్రాయమనండి: "కంటి డాక్టరు, ఉదయం 10, ఇండియా టైము" అని. అప్పుడు ఫోను ఎన్ని లెక్కలు వేసుకున్నా నాన్నగారు చదివేది మాట గదా.

రాత్రి పన్నెండు ఎవరిది?

ఆపరేషనుకు ముందు "12 గంటల నుండి ఏమీ తినవద్దు" అని చెబితే మూడు రకాలుగా అర్థం చేసుకుంటారు. పగలు పన్నెండని ఒకరు, ఈ రాత్రి అని ఒకరు, రేపటి రాత్రి అని మరొకరు. కంప్యూటరు చీటీలో ఎ.ఎం., పి.ఎం. అని ఉన్నా చాలామందికి 12 ఎ.ఎం. అంటే అర్ధరాత్రి అని తెలియదు. పైగా "6వ తేదీ రాత్రి 12" అంటే 6వ తేదీ మొదలయ్యే క్షణమా, ముగిసే క్షణమా? కడుపులో ఆహారం ఉండగా మత్తు ఇస్తే వాంతి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే "మంగళవారం రాత్రి 9 గంటలకు భోజనం ముగించండి, బుధవారం ఉదయం ఆపరేషను" అన్నట్టు వారం పేరుతో చెప్పించుకోవాలి. నీళ్లు ఎప్పటివరకు త్రాగవచ్చో, షుగరు మాత్ర వేసుకోవాలో వద్దో వేరుగా అడగండి.

మన పెద్దల లెక్కలో తెల్లవారితేనే కొత్త రోజు. రాత్రి ఒకటిన్నరకు కాన్పయితే "మంగళవారం రాత్రి పుట్టాడు" అంటుంది అమ్మమ్మ. ఆసుపత్రి పుస్తకంలో బుధవారం తేదీ పడుతుంది. రెండూ వారి వారి లెక్కలో సరైనవే. యూదులకైతే సూర్యాస్తమయంతోనే దినము మొదలవుతుంది. వారి విశ్రాంతి దినము శుక్రవారం సాయంకాలం ప్రారంభమయ్యేది అందుకే. గ్రీకు సువార్తలో మూడవ గంట అన్నదాన్ని మన తెలుగు బైబిలులో పగలు తొమ్మిదిగా మార్చి వ్రాసిన వారు కూడా ఈ చిక్కును ఎరిగినవారే. అయితే జనన ధృవీకరణ పత్రానికి, టీకాలకు, బడిలో చేర్చడానికి ఆసుపత్రి వ్రాసిన తేదీనే వాడండి. ఒక చోట ఒకటి, ఇంకొక చోట ఒకటి ఇస్తే కంప్యూటరులో ఒకే మనిషి ఇద్దరైపోతాడు. ఒకరి ఎక్స్‌రే ఒక చోట, రక్తపరీక్ష ఇంకొక చోట చేరుతుంది. బడిలో వేయించిన తేదీ ఒకటి, నిజంగా పుట్టినది ఒకటి ఉన్న పెద్దవారు కూడా ఓ.పి. కార్డు మీద మొదటిసారి ఏది వ్రాయించారో ఎప్పుడూ అదే చెప్పండి.

సంఘ కార్యదర్శులకు, స్త్రీల సమాజం వారికి

ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు పేర్లు, పుట్టిన తేదీలు ఎక్సెల్‌లో ఎక్కించి ఆసుపత్రికి పంపుతారు. ఆ కంప్యూటరు అమెరికా వరుసలో ఉంటే 05/04/1962 మే 4 అయిపోతుంది. 25/04/1962 మాత్రం తేదీగా అర్థంకాక ఉత్త అక్షరాలుగా ఉండిపోతుంది. దీన్ని కనిపెట్టడం సులభం. ఎక్సెల్ తాను తేదీగా గుర్తించినదాన్ని గడిలో కుడివైపుకు, అక్షరాలనుకున్నదాన్ని ఎడమవైపుకు పెడుతుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉంటే ఆ జాబితాలో తేదీలు తిరగబడ్డాయని అర్థం. ఎడమవైపు ఉన్నవి పాడుకాలేదు, కుడివైపు ఉన్నవాటినే అనుమానించాలి. చాలామంది ఎడమవైపువాటినే దిద్దుతూ కూర్చుంటారు. ముందు విండోస్‌లో ప్రాంతాన్ని ఇండియాగా మార్చి, కాగితం ముందు పెట్టుకొని తిరిగి ఎక్కించండి.

సంవత్సరాన్ని నాలుగు అంకెలు వేయండి. "26" అని వ్రాస్తే అది పసిబిడ్డా, వందేళ్ల అవ్వా? కంప్యూటరు ఎక్కడో ఒకచోట గీత గీసుకొని ఈవలివారిని ఈ శతాబ్దంలో, ఆవలివారిని పోయిన శతాబ్దంలో వేస్తుంది. మందు మోతాదు వయస్సును బట్టి, బరువును బట్టి ఉంటుంది గనుక ఇది వట్టి గుమస్తా పని కాదు.

ఇంటిల్లిపాదీ చేయవలసిన అభ్యాసం

ఈ మూడింటికి జవాబులు చెప్పుకొని, తర్వాత క్రింద చూడండి.

ఒకటి: సరళకు చివరి నెలసరి జూన్ 2న వచ్చింది. కాన్పు తేదీ ఎప్పుడు? ఆమె భర్త ఫోను 02/06ను ఏ తేదీగా చదవవచ్చు?

రెండు: ప్రభుదాసు గారిని శుక్రవారం కుక్క కరిచింది, మొదటి సూది శనివారం వేశారు. రెండో సూది ఏ వారం?

మూడు: ఇన్సులిన్ సీసా మీద గడువు 09/2027. దాన్ని మార్చి 1న తెరిచారు, 28 రోజుల రకం. ఏప్రిల్ 2న వాడవచ్చా?

జవాబులు: మొదటిదానికి మార్చి 9. ఫోను దానిని ఫిబ్రవరి 6గా చదివితే కాన్పు తేదీ నవంబరు 13 అని చూపుతుంది, నాలుగు నెలలు ముందు. ఇంత తేడా ఉంటే ఎవరైనా పట్టుకుంటారు. 05/04 వంటివే పట్టుబడవు. రెండవదానికి మంగళవారం, శనివారం "0" గనుక. మూడవదానికి వాడకూడదు. సీసాలో ఇంకా సగం మిగిలి ఉన్నా సరే, మార్చి నెలాఖరులోపే కొత్తది తెరవాలి.